వర్తూరు షెడ్ల సేవా కార్యక్రమం: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన అన్నలకు, అక్కలకు, గురువులకు నమస్కారం. బెంగళూరులో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులం కలిసి, వర్తూరు షెడ్లలో ఉండే కట్టడం కూలీల కోసం, వాళ్ళ పిల్లల కోసం నడుపుతున్న మా సేవా కమిటీ ఈ ఏడాది లెక్క మీ ముందు పెడుతోంది.

ముందు జమ. కిందటేడు మిగిలింది 2,350 రూపాయలు. విద్యార్థులు తలా కొంత వేసుకున్నది 18,400. అధ్యాపకులు ఇచ్చింది 12,000. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు ఉంటున్న తెలుగు కుటుంబాలు ఇచ్చింది 21,500. మొత్తం 54,250 రూపాయలు.

టీషర్టులు, బ్యానర్లు, మా భోజనాలకు ఇందులోంచి రూపాయి తీయలేదు. 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌ (జాతీయ సేవా పథకం)లో వాలంటీరుకు ఏడాదికి 120 గంటల సేవ నియమం. మాలో చాలామందికి ఆ గంటలు ఈ పనితోనే నిండుతాయి, కొందరికి మార్కులూ వస్తాయి. చదువులో భాగంగా చేసే పనికి మా ఖర్చు మేమే పెట్టుకోవడం న్యాయం.

ఇక ఖర్చు. పిల్లల పలకలు, నోటుబుక్కులు, కన్నడ అక్షరాల పుస్తకాలకు 14,300. సాయంత్రం చదువుకు వచ్చే పిల్లలకు ఉడికించిన శనగలు, అరటిపండ్లు 7,650. టార్పాలిన్, చార్జింగ్ లైట్లు 3,900.

మీలో ఎక్కువమంది స్కూలు బ్యాగుల కోసమని ఇచ్చారు. షెడ్లలో ఉన్న అనంతపురం, కర్నూలు జిల్లాల కూలీలు మమ్మల్ని అడిగింది మాత్రం కాగితాల పని. అందుకే ఇచ్చినవాళ్ళను అడిగి, వాళ్ళు సరేనన్నాకే బ్యాగుల డబ్బు అటు మళ్ళించాం. జిరాక్సులు, పాస్‌పోర్టు ఫోటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు కలిపి 13,860 అయింది.

ఈ పద్దు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996 నాటి చట్టంతో వచ్చిన నియమం ప్రకారం 18 నుంచి 60 ఏళ్ళ లోపువాళ్ళు, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. కట్టడం ఖర్చులో నూటికి రూపాయి చొప్పున వసూలయ్యే సెస్సు వీళ్ళ కోసమే. కానీ ఆ 90 రోజులకు రుజువు కావాలి. పని చేయించుకున్న మేస్త్రీ సంతకం పెట్టడానికి జంకుతాడు, రేపు ఏం మీదికొస్తుందోనని. కొన్ని దరఖాస్తులు ఇప్పటికీ అక్కడే ఆగాయి.

ఆటో, బస్సు చార్జీలు 9,420. ఇంత ఎందుకైందని అడిగారు కొందరు. ఊరి రేషన్ కార్డు మీద ఇక్కడ బియ్యం తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. తెలిసి వెళ్ళినా వేలిముద్ర పడదు. ఇటుకలు మోసి, సిమెంటు కలిపి బొటనవేలు నున్నగా అరిగిపోయిన ఒక పెద్దమ్మ మిషన్ మీద వేలు పెట్టడం, చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టడం, డీలరు తల అడ్డంగా ఊపడం దగ్గరుండి చూశాం. ఆమెను, ఆమెలాంటివాళ్ళను ఆధార్ కేంద్రానికి తీసుకెళ్ళి ముద్రలు మళ్ళీ వేయించాం. ఆ తిరుగుడు ఖర్చే ఇది. వాళ్ళ రాష్ట్రం సొంతంగా ఇచ్చిన, కేంద్ర ఆహార భద్రత చట్టం కిందికి రాని కార్డులకు ఇక్కడ బియ్యం ఇవ్వరు. అలాంటి కార్డున్నవాళ్ళకు మేం ఏమీ చేయలేకపోయాం. ఆ మాట వాళ్ళ మొహం మీద చెప్పడమే ఈ ఏడాది మాకు అన్నిటికంటే కష్టమైన పని.

మొత్తం ఖర్చు 49,130. నిల్వ 5,120 రూపాయలు. దీన్ని మేస్త్రీ సంతకం దగ్గర ఆగిన దరఖాస్తులకే కేటాయించాలని కమిటీ తీర్మానించింది. బిల్లులు, రసీదులు ఫైలు చేసి ఉంచాం. ఆటోలకు బిల్లులుండవు కాబట్టి తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎవరు వెళ్ళారు రాసి సంతకాలు చేయించాం. చందా ఇచ్చినవాళ్ళు ఎవరైనా అడిగి చూడవచ్చు. బియ్యం తీసుకునేవాళ్ళ ఆధార్ నకళ్ళు మాత్రం ఫైల్లో ఉండవు. పని అయిన వెంటనే వాళ్ళకే తిరిగి ఇచ్చేశాం.