హార్మోన్ పరీక్షలకు ఒక పద్ధతి ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను ఖమ్మం జిల్లాలో ఇంటర్ చదివే ఆడపిల్లలకు జువాలజీ చెబుతాను. పీరియడ్స్ గురించి క్లాసులో ఎవరూ నోరు విప్పరు. కానీ ఒంటరిగా స్టాఫ్ రూమ్‌కి వచ్చి, "మేడమ్, నాకు పీసీఓడీ ఉందన్నారు, ఇక పిల్లలు పుట్టరా?" అని అడిగేవాళ్లు ఏటా ఉంటారు. పీసీఓడీ అన్నా, పీసీఓఎస్ అన్నా హార్మోన్ల తేడాతో నెలసరి గతి తప్పే ఒకే సమస్య. వాళ్ల చేతిలో ఉండేది చాలాసార్లు ఒక్క స్కానింగ్ కాగితమే. అండాశయాల్లో నీటి బుడగలున్నాయన్న ముక్క పట్టుకుని పదహారేళ్ల పిల్లకు జబ్బు ఖాయం చేసేస్తున్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్, పెళ్లి సంబంధాల దాకా ఆలోచనలు.

ఇది సరైన పద్ధతి కాదు. నెలసరి మొదలై ఎనిమిదేళ్లు నిండని ఆడపిల్లల్లో స్కానింగ్ చూసి పీసీఓఎస్ అని తేల్చవద్దని 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అండాశయాల్లో తయారయ్యే ఏఎంహెచ్ అనే హార్మోన్‌ను చూసే రక్తపరీక్షతోనూ తేల్చవద్దన్నాయి. ఆ వయసులో ఏ జబ్బూ లేనివాళ్ల అండాశయాలు కూడా చాలాసార్లు అలాగే కనిపిస్తాయి. ఆ పిల్లల్లో చూడాల్సింది నెలసరి గతి తప్పిందా, మగ హార్మోన్లు పెరిగిన గుర్తులున్నాయా అన్నదే. రజస్వల అయి మూడేళ్లు దాటాక కూడా ఒక నెలసరి మొదలైన రోజు నుంచి తర్వాతది రావడానికి 35 రోజులు మించుతుంటే పట్టించుకోవాలి. గడ్డం మీద, పై పెదవి మీద వెంట్రుకలను పిల్లలు సిగ్గుతో థ్రెడింగ్ చేయించుకుని వెళ్తారు. డాక్టరు అడిగితే తప్ప ఆ సంగతి బయటికి రాదు.

పెద్దవాళ్ల విషయంలో నెలసరి తేడా, మగ హార్మోన్లు ఎక్కువ కావడం, స్కానింగులో లేదా ఏఎంహెచ్‌లో తేడా, ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి. అంతకంటే ముందు ఇవే లక్షణాలు తెచ్చే వేరే కారణాలు లేవని తేల్చుకోవాలి. గర్భం కాదని చూడాలి. థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, దాంతోపాటు పాలు పడేలా చేసే హార్మోన్ ప్రొలాక్టిన్, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ పరీక్షలు చేయాలి. చివరిది అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో వచ్చే ఒక లోపాన్ని పట్టిస్తుంది. ఆ లోపం అచ్చం పీసీఓఎస్‌లాగే కనిపిస్తుంది, వైద్యం మాత్రం వేరు. నెలసరి వస్తున్నవాళ్లకు మొదటి రోజుల్లో, పొద్దున్నే రక్తం తీస్తేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది. వేలు పోసి కొనే 'హార్మోన్ల ప్యాకేజీ'ల్లో ఈ పరీక్ష చాలాసార్లు ఉండదు. జబ్బు తేల్చడానికి అక్కర్లేని ఇన్సులిన్ పరీక్ష ఉంటుంది. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు నిజంగా కావలసిన, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూసే షుగర్ పరీక్ష ఉండదు.

పరీక్ష సరైనదే అయినా ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. మా సహోద్యోగి ఒకరికి ప్రొలాక్టిన్ బాగా ఎక్కువ వచ్చింది. తలకు ఎమ్మారై తీయించమన్నారు. తలలో గడ్డ ఉందేమోనని ఇంటిల్లిపాదీ నిద్రలు మానుకున్నారు. ఇంకో డాక్టరు ఆమె సంచిలోని మందులన్నీ టేబుల్ మీద పెట్టించి, రోజూ పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రను పక్కకు తీశారు. అందులో డోంపెరిడోన్ ఉంది. అది ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. ఆయన చెప్పినట్టు కొన్ని రోజులు ఆపి మళ్లీ చేయిస్తే అంకె మామూలుకు వచ్చింది. ఇలాగే జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు కొన్ని పద్ధతుల్లో చేసే థైరాయిడ్ పరీక్షను తారుమారు చేస్తాయి. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ చూస్తే తక్కువగా కనిపిస్తుంది. అలాగని ఎవరూ సొంతంగా మందులు ఆపకూడదు. పాలివ్వని స్త్రీకి రొమ్ముల నుంచి పాలు కారుతున్నా, తలనొప్పితో చూపు మసకబారుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఓపీ రద్దీ నాకు తెలుసు. ఒక్కో రోగితో అరగంట మాట్లాడటం అక్కడ కుదరదు. అందుకే నేను అడిగేది పెద్ద ఖర్చు లేనిది. హార్మోన్ పరీక్షలు రాసే చీటీ మీద మూడు గళ్లు పెట్టాలి: చివరి నెలసరి మొదటి రోజు తేదీ, ప్రస్తుతం వాడుతున్న మందులు, రక్తం తీసిన సమయం. ఇవి నింపకుండా ల్యాబ్ శాంపిల్ తీసుకోకూడదు. అవే వివరాలు రిపోర్టు మీదా అచ్చు కావాలి. అప్పుడు ఆ కాగితం ఏ డాక్టరు చేతికి వెళ్లినా పనికొస్తుంది. ఈ వయసు ఆడపిల్లల స్కానింగ్ రిపోర్టుల్లో చూసింది చూసినట్టు రాయాలే తప్ప జబ్బు పేరు రాయకూడదు.

2023 మార్చి 8న తెలంగాణలో మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్కులు మంగళవారాన్ని ఆడవాళ్లకే కేటాయించాయి. చాలా మంచి ఆలోచన. ఊళ్ల నుంచి బస్సెక్కి వచ్చే అమ్మాయిలకు టెస్టోస్టిరాన్, ప్రొలాక్టిన్, 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ పరీక్షలు ప్రైవేటు ల్యాబ్‌కు పరిగెత్తే పని లేకుండా ఉచితంగా అందాలి. రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలు ఈ మేరకు ఆదేశాలివ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక జువాలజీ అధ్యాపకురాలు,
ఖమ్మం జిల్లా