బోట్ రేస్ గురించి కాస్త వివరంగా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీల బోట్ రేస్ అంటే మన స్పోర్ట్స్ పేజీల్లో ఒక ఫొటో, కింద గెలిచినవాళ్ల పేరు, అంతే, చాలా బాధగా ఉంటుందండి. 1829లో మొదలైన పోటీ అది. లండన్‌లో థేమ్స్ నది మీద పట్నీ నుంచి మోర్ట్‌లేక్ దాకా దాదాపు 6.8 కిలోమీటర్లు, ఒక్కో పడవలో ఎనిమిది మంది తెడ్లు వేస్తారు కానీ అందరూ వెనక్కి తిరిగి కూర్చుంటారు కాబట్టి ముందున్న దారి సరిగ్గా కనపడేది చుక్కాని పట్టే కాక్స్ ఒక్కరికే, సముద్రం పోటు నీళ్లు ఎక్కడ జోరుగా పారతాయో ఆ చోటు కోసం రెండు పడవలూ తెడ్లు తగిలేంత దగ్గరికొచ్చేస్తాయి, వెనక లాంచీలోంచి అంపైర్ జెండా ఊపుతూ అరుస్తూనే ఉంటాడు, ఇదంతా రాస్తే ఎవరు చదవరు చెప్పండి! 1912లో అయితే రెండు పడవల్లోకీ నీళ్లొచ్చేసి రేస్ మళ్లీ పెట్టారు.

2015 నుంచి అమ్మాయిల రేస్ కూడా అదే రూట్‌లో అదే రోజు జరుగుతోంది, దాని ఊసే ఉండదు మన దగ్గర.

ఇంకోటి, 2024లో థేమ్స్ నీళ్లలో ఈ-కోలై అనే మురుగు బ్యాక్టీరియా బాగా ఎక్కువుందని టెస్టుల్లో తేలింది, గెలిచాక కాక్స్‌ని నదిలోకి విసిరే ఆనవాయితీ కూడా వద్దన్నారు. డ్రైనేజీ నీళ్లు నదిలోకి వదిలితే ఏమవుతుందో కృష్ణా ఒడ్డున ఉండే మాకు వేరే చెప్పాలా? వచ్చే రేస్‌కి కనీసం అర పేజీ ఇవ్వండి, అమ్మాయిల ఫొటో కూడా వెయ్యండి ప్లీజ్.

- ఒక పాఠకురాలు, విజయవాడ