నీ టికెట్ మీద తమ్ముడు రావచ్చు, రూమ్మేట్ రాకూడదు

అమ్ములూ,

నీ మెసేజ్ చూశాను. పండక్కి సెలవు దొరకలేదన్న సంగతి మీ అమ్మకి నువ్వే చెప్పుకో, అది నావల్ల కాదు. నేను రాస్తున్నది సికింద్రాబాద్ నుంచి మన విశాఖకి ఆ శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్ టికెట్ గురించి. "నేనెలాగూ రావట్లేదు, నా బెర్తులో మా రూమ్మేట్ వచ్చేస్తుంది, గాజువాక పిల్లే కదా, టికెట్ మెసేజ్ ఫార్వర్డ్ చేసేస్తా" అన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు. ఫోన్లో చెబితే సగం విని ఊఁ కొడతావని ఇంత పొడుగు రాస్తున్నాను.

పేరు రాసి ఇచ్చిన టికెట్ మీద ఆ పేరున్న మనిషే ప్రయాణం చెయ్యాలని 1989 రైల్వే చట్టం 53వ సెక్షన్లో ఉంది. బండెక్కాక ఒకే రైల్లో వెళ్లేవాళ్లు సీట్లు మార్చుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు. ఇంకొకర్ని ప్రయాణం చేయించడానికి మన టికెట్ చేతిలో పెడితే మాత్రం 142వ సెక్షన్ కింద తప్పు, మూడు నెలల దాకా జైలు, లేదా 500 దాకా జరిమానా, లేదంటే రెండూ. నిన్ను జైల్లో పెడతారని నేననుకోవట్లేదు గానీ ఆ పిల్ల సంగతి ఆలోచించు. టికెట్ లాగేసుకుని, టికెట్ లేని ప్రయాణం కింద లెక్కగట్టి చార్జీ, పెనాల్టీ వసూలు చేస్తారు, అదీ పండగ రద్దీలో, రాత్రిపూట, పెట్టెలో అందరూ చూస్తుండగా. "ఎవరు చూస్తార్లే నాన్నా" అంటావు. టీటీఈ చేతిలో ఇప్పుడు ట్యాబ్ ఉంటోంది, బెర్తు నంబరు కొడితే పేరు, వయసు కనబడతాయి. డబ్బులు తీసుకుని ఇవ్వడం గురించి ఇక చెప్పనే అక్కర్లేదు.

2002లో ఐఆర్‌సీటీసీ వచ్చిన కొత్తలో ఆన్‌లైన్లో కొన్నా టికెట్ కాగితం కొరియర్లో ఇంటికొచ్చేది, అది చేతికందేదాకా టెన్షనే. ఇప్పుడా కాగితం లేకపోయేసరికి మెసేజ్ ఎవరి ఫోన్లో ఉంటే టికెట్ వాళ్లదే అనుకుంటున్నారు మీరంతా. మెసేజ్‌తో పాటు ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపిస్తేనే అది టికెట్. ఫోన్ గ్యాలరీలో ఆధార్ ఫొటో చూపిస్తే కుదరదు. డిజీలాకర్లో ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ చూపించొచ్చు, అదీ ఇష్యూడ్ డాక్యుమెంట్స్ అనే చోట ఉన్నవే, మనం స్కాన్ చేసి ఎక్కించుకున్నవి కాదు. ఇది తమ్ముడికి కూడా చెప్పు, వాడు పర్సు మర్చిపోయే రకం.

అవును, తమ్ముడే. వరంగల్ నుంచి వాడి టికెట్ ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉంది. కౌంటర్లో కొన్నది కాదు కదా, ఆన్‌లైన్ టికెట్, చార్ట్ పడేసరికి వెయిటింగ్‌లోనే ఉంటే దానంతటదే రద్దయిపోయి డబ్బులు వెనక్కొచ్చేస్తాయి, బండెక్కే హక్కు ఉండదు. నీది కన్ఫర్మ్ అయిన టికెట్. 60 రోజుల ముందు పొద్దున్నే లేచి కూర్చుని పట్టిన టికెట్టు, వృథా ఎందుకు చేస్తావు? కన్ఫర్మ్ టికెట్‌ని అమ్మ, నాన్న, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భర్త, భార్య, వీళ్లలో ఎవరి పేరు మీదికైనా మార్పించుకోవచ్చు. ఆ లిస్టు అక్కడితో సరి. మొన్న మన స్టేషన్ రిజర్వేషన్ ఆఫీసులో నా ముందు ఒకాయన మామగారి టికెట్ తన పేరు మీదికి మార్చమని అడుగుతున్నాడు. లోపలాయన రేషన్ కార్డు జిరాక్స్ తిరగేసి, పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చి, "అల్లుడు లేడండీ ఇందులో" అన్నాడు. కార్డులో లేడనా, రూల్లో లేడనా అంటే రెండింటిలోనూ లేడట. సొంత అల్లుడికే దిక్కులేదు, ఇక రూమ్మేట్ ఎక్కడ!

ఇది యాప్‌లో అయ్యే పని కాదు. టికెట్ ప్రింట్ తీసుకుని, నీ ఒరిజినల్ ఆధార్ పట్టుకుని, దగ్గర్లో ఉన్న రిజర్వేషన్ ఆఫీసుకి వెళ్లి కాగితం మీద రాసివ్వాలి. బండి బయల్దేరడానికి 24 గంటల ముందే ఇవ్వాలి, అంటే గురువారం సాయంత్రం ఆఫీసయ్యాక వెళ్దాంలే అనుకుంటే దాటిపోయినట్టే. బుధవారమే వెళ్లు. మీ ఇద్దరి పేర్లూ ఉన్న రేషన్ కార్డు, తమ్ముడి ఆధార్ వాట్సాప్‌లో పెడుతున్నాను, రెండూ జిరాక్స్ తీయించుకో. పేరు మారిందో లేదో కౌంటర్ దగ్గరే అడిగి చూసుకుని కదులు. మార్పు ఒక్కసారే, మళ్లీ వాడికి కుదరదంటే ఇంకొకరి పేరు పెట్టడానికి ఉండదు, కాబట్టి ముందు వాడికి ఫోన్ చేసి గట్టిగా కనుక్కో.

ఇంకోటి, నీ టికెట్ సికింద్రాబాద్ నుంచి, వాడు ఎక్కేది వరంగల్లో. బోర్డింగ్ స్టేషన్ కూడా మార్పించండి, లేకపోతే సికింద్రాబాద్‌లో మనిషి ఎక్కలేదని టీటీఈ ఆ బెర్తు ఆర్ఏసీ వాళ్లకి, అంటే సగం సీటు మీద వెళ్లేవాళ్లకి, ఇచ్చేస్తే అడగడానికి మొహం ఉండదు. మార్చాక సికింద్రాబాద్‌లో ఎక్కే హక్కు పోతుంది, అది కూడా వాడికి చెప్పు.

ఆ పిల్లని వదిలేయమని కాదు నేననేది. నీ ఐడీ నుంచి తన పేరు మీద టికెట్ బుక్ చెయ్యి, అది తప్పు కాదు, ఇంటిపేరు వేరైతే బుక్ చెయ్యకూడదన్నది ఉత్త పుకారని రైల్వే వాళ్లే 2024లో చెప్పారు. ఆధార్ లింకైన ఐడీకి నెలకి 24 టికెట్ల దాకా ఉంది. తత్కాల్ ముందురోజు ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11కి తెరుస్తారు. జూలై 2025 నుంచి ఆధార్ వెరిఫై అయిన ఐడీ ఉంటేనే ఆన్‌లైన్లో తత్కాల్, నీది అయిందో లేదో ఇవాళే చూసుకో, రేపు పది గంటలకి చూస్తే లాభం లేదు. విశాఖపట్నం అని వెతికి దొరకలేదని ఊరుకోకుండా దువ్వాడ అని కూడా వెతకమను. కొన్ని బళ్లు మన స్టేషన్‌కి రాకుండా దువ్వాడ మీంచే వెళ్లిపోతాయి, గాజువాక వాళ్లకి అదే దగ్గర కూడా. పండగ స్పెషల్స్ మీద కూడా ఓ కన్నేసి ఉంచండి.

అరిసెలు ఎలా పంపాలా అని మీ అమ్మ ఇప్పట్నుంచే ఆలోచిస్తోంది. తమ్ముడి చేతికిస్తే వాడు వరంగల్లో దిగిపోతాడు, డబ్బా కూడా వాడితోనే దిగిపోతుంది. ఆ పిల్లకి టికెట్ దొరికితే తిరిగి వెళ్లేటప్పుడు ఒకసారి మనింటికి రమ్మను, తన చేతికే ఇచ్చి పంపిస్తాం.

బుధవారం పనయ్యాక ఫోన్ చెయ్యి.

నాన్న