అటార్నీ జనరల్ గారూ, కుదరదన్న కాగితమైనా ఇవ్వండి

అమెరికా అటార్నీ జనరల్ గారికి,
జస్టిస్ డిపార్ట్‌మెంట్, వాషింగ్టన్ డీసీ.

నమస్కారమండీ.

మా బెడ్రూమ్ క్లాజెట్‌లో పట్టుచీరల పెట్టె వెనక చిన్న ఇనప సేఫ్ ఒకటి ఉంది. అందులో నా పిస్టల్ ఉంటుంది. సేఫ్ కోడ్ ఆరంకెలు. ఇరవై రెండేళ్లుగా కాపురం చేస్తున్న మా ఆయనకు ఆ కోడ్ తెలియకూడదు. నా ఫోన్ లాక్ ఆయనకు తెలుసు, బ్యాంకు పాస్‌వర్డులు తెలుసు, నేను ఏ పూట ఏ మాత్ర వేసుకుంటానో నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఇదొక్కటే తెలియకూడదు. ఆయనకు ఒక పాత కేసులో శిక్ష పడింది, అలాంటివాళ్లు తుపాకీ ఉంచుకోకూడదని చట్టం. తెలిస్తే, ఆయన ముట్టుకోకపోయినా తుపాకీ ఆయన ఆధీనంలో ఉన్నట్టే లెక్క కట్టే ప్రమాదం ఉందని మా లాయర్ చెప్పాడు. అలా దొరికితే ఫెడరల్ చట్టం కింద 15 ఏళ్ల దాకా జైలు. 2022 వరకూ అది 10 ఏళ్లే ఉండేది.

పాత కేసుల్లో శిక్ష పడినవాళ్లకు తుపాకీ హక్కు తిరిగిచ్చే పద్ధతి మీద మీ శాఖ ప్రజల అభిప్రాయాలు అడిగినప్పుడు ఇంగ్లిష్‌లో పంపాను. ఇది తెలుగులో రాస్తున్నాను. మీ ఆఫీసులో ఎవరైనా తర్జుమా చేసి చూపిస్తే సంతోషం. చూపించకపోయినా మావాళ్లు చదువుతారు, అది నాకు ముఖ్యం. మా డాలస్ చుట్టుపక్కల స్టోర్లు, గ్యాస్ స్టేషన్లు, మోటెళ్లు నడుపుకునే తెలుగు కుటుంబాల్లో పాత కేసు ఉన్న ఇల్లు మాదొక్కటే కాదు. ఎవరూ చెప్పుకోరు. పిల్లల పెళ్లిళ్లు చెడిపోతాయని భయం. మా అత్తగారికి ఈ రోజుకీ తెలియదు, కొడుకు కోర్టుకెళ్లింది ట్రాఫిక్ టికెట్ గురించే అనుకుంటుంది.

ఏం చేశాడో కూడా చెప్పేస్తాను. 2009లో మా మొదటి స్టోర్‌లో ఫుడ్ స్టాంపుల కార్డు గీకి, సరుకు ఇవ్వకుండా డబ్బిచ్చాడు. కార్డు మీద 100 లాగితే చేతికి 50. చుట్టుపక్కల స్టోర్లలో నడుస్తున్నదే కదా అనుకున్నాడు. తప్పే. పేదవాళ్ల పిల్లల తిండి డబ్బు అది. నేనూ అదే అన్నాను, అన్న తర్వాత రెండు నెలలు మా మధ్య మాటల్లేవు. ఫెడరల్ కోర్టులో ఒప్పుకున్నాడు. జైలు లేకుండా మూడేళ్లు ప్రొబేషన్, అంటే కోర్టు నిఘా, వేశారు, లాగిన డబ్బంతా కట్టించారు. ఆ స్టోర్‌కి ఫుడ్ స్టాంపులు తీసుకునే అనుమతి శాశ్వతంగా పోయింది. ఇంకేముంది, అమ్మేసుకున్నాం. 2013లో ప్రొబేషన్ అయిపోయింది. ఆ తర్వాత ఆయన మీద స్పీడింగ్ టికెట్ కూడా లేదు. కారు అంత నెమ్మదిగా నడుపుతాడు, పక్కన కూర్చోవాలంటే నాకు విసుగు.

నేను తుపాకీ మనిషిని కాదండీ. గుంటూరు జిల్లాలో పెరిగాను. చిన్నప్పుడు నేను చూసిన తుపాకీ ఒక్కటే, బ్యాంకు గుమ్మం ముందు స్టూలు మీద కునికిపాట్లు పడే వాచ్‌మన్ ఒళ్లోది. లైసెన్సున్న పెద్దమనుషులు కూడా ఎన్నికలొస్తే వాటిని పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రావాల్సిందే. అలాంటి ఊరి నుంచి వచ్చినదాన్ని రేంజ్‌కి వెళ్లి గురిపెట్టడం ఎందుకు నేర్చుకున్నానంటే, నిరుడు ఫిబ్రవరిలో ఒక రాత్రి.

పదకొండున్నరకి స్టోర్‌లో మా ఆయన ఒక్కడే ఉన్నాడు. హుడీ వేసుకున్నవాడు లోపలికొచ్చి తుపాకీ చూపించాడు. మా ఆయన రెండు అరచేతులూ బల్ల మీద, లాటరీ టికెట్లు కనపడే అద్దం మీద ఆనించి నిలబడ్డాడు. డ్రాయర్‌లో ఉన్నది తీసుకుని వాడు పోయాడు. దెబ్బ తగల్లేదు. పొద్దున్న నేను తుడవడానికి వెళ్తే ఆ అద్దం మీద రెండు చేతుల ముద్రలు, వేళ్లతో సహా, అచ్చుపడి ఉన్నాయి. చెమట. ఎడమ చేతి ముద్రలో ఉంగరం ఉన్న చోట కొంచెం ఖాళీ. పోలీసులు ఫోటోలు తీసుకుని వెళ్లాక కూడా చాలాసేపు తుడవలేకపోయాను. ఇలాంటి చోట్లే పార్ట్ టైమ్ చేసుకుంటూ ప్రాణాలు పోగొట్టుకున్న మా తెలుగు పిల్లల వార్తలు మాకు కొత్త కాదు.

ఆయన దగ్గర తుపాకీ ఉండి ఉంటే ఆ రాత్రి ఏమయ్యేదో నేను చెప్పలేను. ఇంకా ఘోరమే జరిగేదేమో. అందుకే మీకు రాసేది ఆత్మరక్షణ గురించిన ఉపన్యాసం కాదు. చట్టంలో ఉన్న ఒక కిటికీ గురించి.

ఆ కిటికీ మీకు తెలియనిది కాదు, మావాళ్ల కోసం చెబుతున్నాను. 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం ప్రకారం ఏడాదికి మించి శిక్ష పడదగిన నేరం రుజువైతే తుపాకీ ఉంచుకోకూడదు. నిజంగా పడిన శిక్ష ఎంత అన్నది కాదు, పడదగినది ఎంత అన్నదే చూస్తారు. కత్తితో పొడిచినవాడూ, చెల్లని చెక్కు ఇచ్చినవాడూ ఒకే వరసలో నిలబడతారు. నిషేధం జీవితాంతం. అయితే అదే చట్టం, ఈ మనిషి వల్ల జనానికి ప్రమాదం లేదని నమ్మకం కుదిరితే మీరు నిషేధం తీసెయ్యొచ్చని కూడా రాసింది. ఒకప్పుడు ఆ అర్జీలు తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ చూసేది. అలా తిరిగి హక్కు పొందినవాళ్లలో కొందరు మళ్లీ నేరాలు చేశారని విమర్శ వచ్చింది. అది అబద్ధమూ కాదు. దాంతో 1992లో కాంగ్రెస్, మనుషుల అర్జీలు చూడటానికి ఏటీఎఫ్ ఒక్క డాలర్ కూడా ఖర్చుపెట్టకూడదని బడ్జెట్‌లో రాసేసింది. ఏటా అదే రాస్తూ వచ్చారు. చట్టంలో కిటికీ అలాగే ఉంది, లోపల కూర్చునే గుమాస్తా మాత్రం లేకుండా పోయాడు. తమాషా ఏమిటంటే కార్పొరేషన్లు పెట్టుకునే అర్జీలకు ఆ అడ్డు లేదు. కంపెనీ మారిందంటే నమ్ముతారు, మనిషి మారాడంటే వినడానికి బడ్జెట్ లేదు.

అర్జీకి జవాబు రాకపోతే కోర్టుకెళ్లొచ్చు కదా అంటారేమో. మా టెక్సాస్ తుపాకుల వ్యాపారి ఒకాయన వెళ్లాడు. మెక్సికోలో బండిలో తూటాలు దొరికి ఆయనకు శిక్ష పడింది. 2002లో సుప్రీంకోర్టు ఆయనకు ఏకగ్రీవంగా చెప్పిందేమిటంటే, జవాబు రాకపోవడం తిరస్కరించినట్టు కాదు, తిరస్కరిస్తేనే కోర్టు చూస్తుంది. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగిన ఏ తెలుగువాడికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. ఇవ్వననరు, ఇవ్వరు. ఫైలు పైన ఉంది అంటారు. కాదంటే పైకి వెళ్లొచ్చు, కాదనరే!

ఇక మా రాష్ట్రం సంగతి. టెక్సాస్ చట్టం ప్రకారం శిక్షా ప్రొబేషనూ ముగిసిన ఐదేళ్లకు తన ఇంట్లో తుపాకీ ఉంచుకోవచ్చు. ఆ లెక్కన మా ఆయనకు 2018లోనే తీరిపోయింది. "కొనుక్కోండన్నా, ఏం కాదు" అని చెప్పినవాళ్లు గుళ్లోనే ఇద్దరున్నారు. వాళ్లు చెప్పింది సగం నిజం, ఆ సగం నిజంతో జైలుకెళ్లొచ్చు. రాష్ట్రం సరేనన్నా ఫెడరల్ నిషేధం అలాగే ఉంటుంది. ఫెడరల్ కోర్టులో పడిన శిక్షకైతే రాష్ట్రం ఇచ్చే హక్కుల పునరుద్ధరణ పనికిరాదని 1994లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మీరు చూడాలి, లేదా ప్రెసిడెంట్ క్షమాభిక్ష పెట్టాలి. మావాళ్లకు ఒక మాట: గుళ్లో విన్న సలహా నమ్మి షాపుకెళ్లకండి. అక్కడ నింపే ఫారంలో శిక్ష గురించిన ప్రశ్న ఉంటుంది, అందులో అబద్ధం రాస్తే అదో కొత్త కేసు.

పెన్సిల్వేనియాలో ఒకాయన కథ చదివి మేం ఆశపడ్డాం. ఆయనది కూడా ఫుడ్ స్టాంపుల వ్యవహారమే, 1995లో ఆదాయం తక్కువ చూపించాడు. అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు, మూడో సర్క్యూట్ అంటారు, 2023లో ఒకసారి, 2024 డిసెంబర్‌లో మళ్లీ, ఆయనకు తుపాకీ కాదనడం రాజ్యాంగానికి విరుద్ధమంది. అదే కాలంలో యూటాలో, 500 డాలర్లు కూడా లేని చెల్లని చెక్కు కేసున్న ఒకావిడకు పదో సర్క్యూట్ కుదరదంది. ఆవిడ వ్యసనాల నుంచి బయటపడి, అలాంటివాళ్లకే సాయం చేసే పనిలో ఉంది. మేం ఉన్నది ఐదో సర్క్యూట్‌లో. ఏ నది దాటితే ఏ హక్కు ఉంటుందో మ్యాపు చూసుకోవాలి.

మా ఇండియాలో తుపాకీ హక్కు కాదు, ప్రభుత్వం దయతలిస్తే వచ్చే లైసెన్స్. అయినా 1959 నాటి ఆయుధాల చట్టం ఏమంటుందో తెలుసా అండీ? హింసకో, నైతిక పతనానికో సంబంధించిన నేరంలో జైలుశిక్ష పడితే, శిక్ష ముగిశాక ఐదేళ్ల వరకే ఆ నిషేధం. ఐదేళ్లు దాటగానే కలెక్టర్ గారు పిలిచి లైసెన్స్ ఇస్తారని కాదు, మా కలెక్టరేట్ల సంగతి నాకు తెలుసు. కానీ అడిగే దారి ఉంటుంది. హక్కే కాదన్న దేశంలో ఐదేళ్లు, రాజ్యాంగంలో రాసుకున్న హక్కు అన్న దేశంలో చచ్చేదాకా. ఇది నాకు ఎన్నిసార్లు ఆలోచించినా మింగుడుపడదు.

2025 మార్చిలో మీ శాఖ ఈ పనిని ఏటీఎఫ్ నుంచి తీసి తన చేతిలో పెట్టుకుంది. జులైలో దరఖాస్తు పద్ధతిని ప్రతిపాదించింది. హింసాత్మక నేరాలు చేసినవాళ్లకు, లైంగిక నేరాల రిజిస్టర్‌లో ఉన్నవాళ్లకు మామూలుగా కుదరదని అందులోనే ఉంది. అది చదివిన రోజు మా ఇంట్లో పాయసం చేశాను. కానీ ఆ మార్చికీ జులైకీ మధ్య, ఏప్రిల్‌లో, మొదట హక్కు తిరిగి వచ్చినవాళ్లలో నటుడు మెల్ గిబ్సన్ ఉన్నారు. ఆయనది 2011 నాటి గృహహింస కేసు. ఆయనకు హక్కు తిరిగివ్వాలన్న సిఫార్సుకు ఒప్పుకోలేదనే తనను ఉద్యోగం నుంచి తీసేశారని అప్పటి పార్డన్ అటార్నీ, అంటే క్షమాభిక్ష అర్జీలు చూసే అధికారి, బయటికొచ్చి చెప్పారు, మీ శాఖ అది నిజం కాదంది. ఏది నిజమో తేల్చడానికి నేనెవరిని? కానీ వరసలో మొదట నిలబడ్డది ఎవరో అందరం చూశాం.

ఇక్కడ నేను ఆడదానిగా మాట్లాడతాను. మా ఆయన కోసం అడుగుతున్నానని, అందరికీ ఇచ్చెయ్యండి అనడం లేదు. మొగుడు చెయ్యి చేసుకున్నాడని అర్ధరాత్రి ఫోన్ చేసి, తెల్లారేసరికి "ఏం లేదక్కా, అలిసిపోయి అలా అన్నాను" అనే అమ్మాయిలు నాకు తెలుసు. వీసా ఆయన చేతిలో, బ్యాంకు అకౌంట్ ఆయన చేతిలో. 1996లో కాంగ్రెస్ గృహహింస చిన్న కేసైనా సరే తుపాకీ కుదరదని చేసింది, అది మంచి పని. 2024లో మా టెక్సాస్ కేసులోనే, కోర్టు రక్షణ ఉత్తర్వు ఉన్నవాడి తుపాకీ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 8-1తో చెప్పింది, అదీ మంచిదే. అలాంటి మనిషి మీకు అర్జీ పెట్టుకుంటే, పొరుగువాళ్ల సర్టిఫికెట్లు తర్వాత చూద్దురుగాని, ముందు ఆ దెబ్బలు తిన్నావిడకు ఫోన్ చెయ్యండి. మొగుడు పక్కన లేనప్పుడు చెయ్యండి. ఆవిడ భాష మాట్లాడే మనిషితో చేయించండి. ఆవిడ వద్దంటే అక్కడితో ఆపెయ్యండి. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

మాలాంటివాళ్ల సంగతికొస్తే, అర్జీ లాయర్ లేకుండా నింపగలిగేలా ఉండాలి. కోర్టు కాగితాలు, కట్టిన డబ్బు రసీదులు, ప్రొబేషన్ ముగిసిన ఉత్తర్వు అన్నీ మా ఫైల్లో ఉన్నాయి, లామినేషన్ కూడా చేయించాడు ఆ మహానుభావుడు. హక్కు ఎవరికి తిరిగిచ్చినా కారణాలతో సహా ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ గెజిట్‌లో, వెయ్యాలని చట్టమే చెబుతోంది. ఆ కారణాలు, కేసు ఏమిటో, ఎన్నేళ్లయిందో, ఏం చూసి నమ్మారో, మా స్టోర్‌కొచ్చే మనిషి చదివినా అర్థమయ్యేలా రాయండి. అన్నిటికంటే ముందు ఒక గడువు పెట్టండి. ఆర్నెల్లనండి, ఏడాదనండి. ఆలోపు అవునో కాదో చెప్పండి. కాదంటే కాదన్న కాగితం ఇవ్వండి, దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్తాం. సినిమావాళ్ల అర్జీ, స్టోర్ వాడి అర్జీ వచ్చిన తేదీ ప్రకారం చూడండి.

తుపాకీ వస్తే ఏం చేస్తావని మొన్న మా ఆయన్ని అడిగాను. "నాకెందుకే తుపాకీ" అన్నాడు. మరెందుకు ఇదంతా అంటే, కాఫీ కప్పులో చెంచా తిప్పుతూ కాసేపు ఊరుకుని, "ఆ ఫారంలో ఆ ప్రశ్నకు నిజాయితీగా 'నో' అని టిక్ పెట్టి, కొనకుండా వచ్చేస్తా" అన్నాడు.

ఈ రాత్రి కూడా ఆయనదే షిఫ్ట్. ఇందాకే వెళ్లాడు. సేఫ్ కోడ్ మార్చే రోజు ఇవాళ, నెలకోసారి మారుస్తాను. మొదట మా పెళ్లి తేదీ పెట్టాను. అది ఆయన మర్చిపోడని గుర్తొచ్చి మళ్లీ తీసేశాను.

ఇట్లు,
డాలస్ శివార్లలోని ఒక గ్యాస్ స్టేషన్ నుంచి,
ఒక ఇల్లాలు.