వెతికినందుకూ కూలి ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మీ ఉత్తరాల పేజీలో ఒకాయన, పాత బండ్లు బాగుచేసే మెకానిక్‌లంతా పార్టులు అమ్ముకుని బతికేవాళ్లేనని రాశారు. ఆయన కోపం నాకు అర్థమైంది. మా ఇంట్లోనూ పదేళ్లు దాటిన డీజిల్ పికప్ ఉంది. రిజిస్ట్రేషన్ నా పేరున, నడిపేది మా ఆయన, లెక్కల పుస్తకం నా దగ్గర. అయినా తప్పంతా మెకానిక్ నెత్తిన రుద్దితే ఒప్పుకోలేక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది మదనపల్లె. సీజన్‌లో టమాటా క్రేట్లు ఎక్కించుకుని పుంగనూరు, పలమనేరు, చిత్తూరు మీదుగా చెన్నై కోయంబేడు మార్కెట్‌కు పోవడం, ఖాళీ క్రేట్లతో తిరిగి రావడం మా పని. పోయినేడాది వానలు వెలిశాక బండి మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. అదీ రోజూ కాదు. కొన్ని ట్రిప్పులు ఏ గొడవా లేకుండా నడుస్తుంది. ఉన్నట్టుండి ఒకరోజు చిత్తూరు, పలమనేరు మధ్య ఉన్న మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ దడదడమని వణుకుతుంది, ఎంత తొక్కినా ఎత్తుకోదు. పలమనేరులో డీజిల్ కొట్టించుకుని బయల్దేరితే మళ్లీ మామూలే. ఎప్పుడూ ఉండే రోగమైతే షెడ్డులో కనబడుతుంది. ఇలా వచ్చిపోయేది షెడ్డు గేటు దాటగానే మాయమవుతుంది, మనమే అబద్ధం చెప్పినట్టు అవుతుంది.

మొదటి షెడ్డులో డీజిల్ ఫిల్టర్ మార్చారు. సరే, ఎలాగూ మార్చాల్సిందే. రెండోచోట స్కానర్ పెట్టారు. పీ0087 అని కోడ్ వచ్చింది. అంటే ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టంలో, అదే రైల్‌లో, ప్రెషర్ చాలడం లేదని. ఎందుకు చాలడం లేదో మాత్రం ఆ కోడ్ చెప్పదు. పంపు అరిగి ఉండొచ్చు, ఇంజెక్టర్లు రిటర్న్‌లోకి, అంటే మిగిలిన డీజిల్ వెనక్కి పోయే దారిలోకి, ఎక్కువ వదిలేస్తుండొచ్చు, ప్రెషర్ వాల్వు కావొచ్చు, సెన్సారో దాని వైరో కావొచ్చు. ఇవేవీ తేల్చకుండానే నాలుగు ఇంజెక్టర్లూ విప్పి సర్వీసుకు పంపారు. బిల్లు రూ. 22,000 దాటింది. వాటిలో ఏది ఎంత చెడిందో కాగితం ఇవ్వమంటే, "అన్నీ వీకేనక్కా" అన్నారు.

ఇంజెక్టర్లను విప్పకుండానే చూసే పద్ధతి ఒకటుంది. ఒక్కోదాని రిటర్న్ దగ్గర సన్న గొట్టం తగిలించి, కింద ఒక్కో సీసా పెడతారు. సెలైన్ గొట్టాలతోనే పని జరిగిపోతుంది. కాసేపు ఇంజన్ నడిపితే ఏ సీసా మిగతావాటికన్నా బాగా ఎక్కువ నిండిందో ఆ ఇంజెక్టర్‌ను అనుమానించాలి. ఖర్చేమీ లేదు, కాకపోతే టైమ్ పడుతుంది.

డబ్బు పోయింది, వణుకు పోలేదు. ఈసారి పంపు మార్చాలన్నారు. అప్పుడు నేను పుస్తకం తీశాను. డీజిల్ ఎక్కడ కొట్టించాం, ఎన్ని లీటర్లు, కిలోమీటర్ల రీడింగ్ ఎంత అని రాసే అలవాటు నాది. మా ఆయన దారిలోంచి ఫోన్ చేసి విసుక్కున్న రోజుల పక్కన గీత పెట్టుకుంటూ పోతే, ట్యాంకు నిండుగా ఉన్నరోజు ఒక్కటీ తగల్లేదు. అన్నీ తిరుగు ప్రయాణాలే, ట్యాంకు పావుకు దిగాకే, ఘాట్ ఎక్కేటప్పుడే. ఓవర్‌లోడ్ అని ఒకాయన తేల్చేశాడు గానీ, లోడుతో మేం ఆ ఘాట్ దిగుతాం. ఎక్కేది ఖాళీ క్రేట్లతో.

ఈ సంగతి పలమనేరులో ఒక పెద్దాయనకు చెబితే, ట్యాంకు పావు ఉన్నప్పుడే బండి తీసుకురమ్మన్నారు. ముందు చక్రాలు ర్యాంపు మీదికి ఎక్కించి, ఘాట్‌లో ఉన్నట్టే ముక్కు పైకి ఉండేలా నిలబెట్టించారు. ఫిల్టర్‌కు వచ్చే రబ్బరు పైపు తీసి, ఆ జాగాలో లోపల పారేది కనబడే ప్లాస్టిక్ గొట్టం మూరెడు ముక్క బిగించారు. ఇంజన్ రేసు పెంచేసరికి ఆ గొట్టంలో డీజిల్‌తో పాటు బుడగలు, ఒకదాని వెనక ఒకటి. తర్వాత ట్యాంకు లైను పక్కకు తప్పించి, విడిగా ఒక డబ్బాలోంచి డీజిల్ అందిస్తే బుడగల్లేవు, మిస్సింగూ లేదు. అంటే పంపు, ఇంజెక్టర్లు బాగానే ఉన్నాయి, ట్యాంకుకూ ఫిల్టర్‌కూ మధ్య ఎక్కడో గాలి పీలుస్తోంది. మళ్లీ పాత లైను తగిలించి, ఒక్కో జాయింటుకూ గ్రీజు పూస్తూ వెనక్కి వెళ్లారు. ట్యాంకు దగ్గరి క్లిప్పు చుట్టూ పూయగానే బుడగలు ఆగిపోయాయి. విప్పి చూస్తే, రబ్బరు గట్టిపడి క్లిప్పు కింద వెంట్రుకంత పగులు.

బయట చుక్క తడి లేదు. మా బండికి ట్యాంకులో పంపు ఉండదు, ఇంజన్ దగ్గరున్నదే అంత దూరం నుంచి డీజిల్ లాక్కుంటుంది. అందుకని అక్కడ పగిలితే డీజిల్ బయటికి కారే బదులు గాలి లోపలికి పోతుంది. కన్నం పడిన స్ట్రాతో కొబ్బరిబోండాం తాగినట్టు, పైదాకా నీళ్లున్నప్పుడు తెలియదు, అడుక్కి పోయేకొద్దీ గాలే వస్తుంది. ముక్కు పైకి లేస్తే ఇంకా గట్టిగా లాగాలి.

పైపు, క్లిప్పులు కలిపి రూ. 400 కూడా కాలేదు. చూసినందుకు ఆయన రూ. 600 అడిగారు. పక్కన తన బండి కోసం కూర్చున్న ఓనరు ఒకాయన, "పైపు ముక్క మార్చడానికి ఆరొందలా!" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

మీ పాఠకుడికి నేను చెప్పదలచుకున్నది ఇదే. పార్టుకైతే బేరమాడకుండా ఇచ్చేస్తాం. దానికో డబ్బా ఉంటుంది, డబ్బా మీద రేటు ఉంటుంది. పూట పూటంతా బండి కింద పడుకుని వెతికిన మనిషికి మాత్రం టీ ఇప్పించి పంపుతాం. పార్టు మారిస్తే నాలుగు డబ్బులు, మార్చకుండా రోగం కనిపెడితే సున్నా అయినప్పుడు, ఇల్లు గడవాల్సిన మెకానిక్ ఏం చేస్తాడు? ప్రతి షెడ్డులోనూ చెకింగ్ చార్జి ఇంత అని బోర్డు పెట్టాలి, మనం నోరెత్తకుండా ఇవ్వాలి. బదులుగా ఏ పరీక్ష చేశారు, ఏం తేలింది అని బిల్లులో ఒక లైను రాయాలి, తీసిన పాత సామాను మన చేతికివ్వాలి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే, కాబట్టి అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇంకో మాట, ఇది ప్రాణాలతో పని. రెండో షెడ్డులో ఒక కుర్రాడు ఇంజన్ నడుస్తుండగానే ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేయబోయాడు. పాత డీజిల్ ఇంజన్లకు అది ఉన్న పద్ధతే. ఒక్కో నట్టూ వదులు చేస్తూ పోతే, ఏది వదిలినప్పుడు శబ్దం మారలేదో ఆ సిలిండర్ పనిచేయడం లేదని తెలిసేది. మా బండిలో ఉన్నది రైల్ ద్వారా డీజిల్ అందే కామన్ రైల్ ఇంజన్. అది ఊరికే తిరుగుతున్నప్పుడే ఆ పైపుల్లో వందల బార్ల ప్రెషర్ ఉంటుంది, లోడులో వెయ్యి దాటుతుంది. ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి పోగలదు. అలా పోతే గాయం చిన్నదిగా కనబడినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. పని నేర్పినవాళ్లు తమకు తెలిసిందే నేర్పారు, ఇంజన్ మారిపోయింది. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ కోర్సు ఎలాగూ ఉంది. ఇప్పటికే షెడ్లలో పనిచేస్తున్నవాళ్లకు సాయంత్రం పూట కొన్ని వారాల క్లాసులు పెట్టడానికి ప్రభుత్వానికి ఏం అడ్డం?

చెకింగ్ చార్జి ఎంత ఉంటే న్యాయమో మెకానిక్ సంఘాలవాళ్లెవరైనా ఇదే పేజీలో రాస్తే చదవాలని ఉంది.

– ఒక పికప్ యజమానురాలు, మదనపల్లె