ఒక్క లైను వెనుక ఉన్న పని

హైదరాబాదు,
నవంబరు నెల

చిరంజీవి అమ్ములుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న రాత్రి ఫోనులో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. "ప్రోగ్రాంలో ఒక్క లైను మార్చడానికి ఇన్ని రోజులా?" అని మీ మేనేజరు అందరి ముందూ అడిగారని, నీకు జవాబు తోచలేదని చెప్పావు. నీకు మీటింగు వేళ కావడంతో అప్పుడు నేను చెప్పదలచుకున్నది చెప్పలేకపోయాను. ఇదే వృత్తిలో తల పండినవాడిగా ఆ ప్రశ్నకు ఇప్పుడు తీరికగా జవాబు వ్రాస్తున్నాను.

నువ్వు చెప్పినదాన్ని బట్టి, ఆ బిల్లుల ప్రోగ్రాం న్యూయార్క్ కాలమానం ప్రకారం రోజూ అర్ధరాత్రి దాటాక 1:30కి నడుస్తుంది. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు, వేసవికని ముందుకు జరిపిన అక్కడి గడియారాలు ఒక గంట వెనక్కి వెళతాయి కనుక, ఆ రోజు 1:30 రెండుసార్లు వస్తుంది. ప్రోగ్రాం కూడా రెండుసార్లు నడిచి, కొందరికి రెండేసి బిల్లులు వెళ్లాయి. మన దేశంలో ఏడాది పొడుగునా గడియారం మారదు కాబట్టి, నీ ల్యాప్‌టాప్ భారత కాలమానంలో ఉన్నంత కాలం ఎన్నిసార్లు నడిపి చూసినా ఆ తప్పు బయటపడే అవకాశమే లేదు. ప్రోగ్రాం ఎప్పుడు నడిచిందో నమోదయ్యే లాగ్ ఫైళ్లలో రెండు ఎంట్రీలకూ ఒకే సమయం కనబడుతుంటే ఎవరైనా ముందు డేటాబేసును అనుమానిస్తారు, తర్వాత నెట్‌వర్కును, ఆ తర్వాత తాము ఈమధ్య వ్రాసిన కోడును. వాటన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించి, కాదని తేల్చుకుని గడియారం దాకా రావడమే నువ్వు చేసిన పని. లైను మార్చడం దాని చివర మిగిలిన చిన్న ముక్క.

ఇటువంటిదే ఒకదాని వెంట నేనూ పడ్డాను. ఒక సంస్థ తన ఖాతాదారుల పేర్లను తెలుగులో ముద్రించమని అడిగింది. కొన్ని పేర్లు సరిగా వచ్చేవి, కొన్నిటి చివర అక్షరం పోయి పిచ్చి గుర్తు పడేది. ఫాంటు మార్చాము, ప్రింటరు మార్చాము, ప్రయోజనం లేకపోయింది. చివరకు రామలక్ష్మి అన్న ఒక్క పేరును కాగితం మీద విడదీసి వ్రాసుకున్నాను. చదివేవారికి అది నాలుగక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటరులో సంకేతాలు కేటాయించే యూనికోడ్‌లో ర, దీర్ఘం, మ, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని 10 సంకేతాలు. ఆ సంకేతాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు చొప్పున 30 బైట్లు, అంటే కంప్యూటరు జ్ఞాపకంలో 30 చిన్న గదులు. మధ్యలో పేర్లను చేరవేసే పాత ప్రోగ్రాంలో పేరుకు కేటాయించిన చోటు 25 బైట్లే. ఎనిమిది సంకేతాలు పట్టాక తొమ్మిదవది మొదటి బైటు దగ్గరే తెగిపోతోంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలునన్న లెక్కతో ఎప్పుడో ఎవరో పెట్టిన అంకె అది. దాన్ని మార్చడానికి నిమిషం పట్టలేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"ను పోలిన ఒక తెలుగు అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. ఐఫోన్లను నడిపే ఐఓఎస్‌కు 11.2.6 సవరణ వచ్చేదాకా ఆ బాధ తీరలేదు. ఆపిల్ అంత పెద్ద సంస్థ కోడులోనూ మన గుణింతం ఊహించని చోట తగులుకుంది.

అంచనా అడిగి, చెప్పిన అంచనాను మాటగా పట్టుకునే అలవాటు నాకు నేటికీ కోపం తెప్పిస్తుంది. దిద్దడానికి ఎంత సమయం కావాలో చెప్పవచ్చు. కారణం కనుక్కోవడానికి ఎంత పడుతుందో కనుక్కున్న తర్వాతే తెలుస్తుంది. మీ మేనేజరుకు ఇది తెలియదని నేను అనుకోను. పైనుంచి ఆయన మీదా ఒత్తిడి ఉండి ఉంటుంది. అయినా పదిమంది ముందు అలా అడగడం తప్పే.

నువ్వు చేయగలిగింది ఒకటి ఉంది. ఉదయం ఎవరి పని ఎంతదాకా వచ్చిందో చెప్పుకునే స్టాండప్ మీటింగులో "ఇంకా చూస్తున్నాను" అనవద్దు. "డేటాబేసు కారణం కాదని నిన్న తేలింది, ఈ రోజు ప్రోగ్రాంలను వేళకు నడిపే షెడ్యూలరు చూస్తాను" అని చెప్పు. అదే మాట ఆ సమస్యను నమోదు చేసిన టికెట్‌లోనూ వ్రాయి. వెతికిన దారులు కాగితం మీదికి ఎక్కితే తప్ప ఆ శ్రమ ఎవరి కంటికీ ఆనదు. నువ్వు మార్చిన లైను పక్కన కూడా కారణం పూర్తిగా వ్రాసిపెట్టు. లేకపోతే రేపు మరొకరు వచ్చి ఇదెందుకని తీసేస్తారు.

గడియారాలు మారినందువల్ల మీ రాత్రి మీటింగు 8:30 నుంచి 9:30కి జరిగిందని అన్నావు. అది ముగిశాక తిందామని కూర్చోక, ముందే భోజనం చెయ్యి. మీ అమ్మ దిగులంతా దాని గురించే.

మార్చి రెండవ ఆదివారం అక్కడ గడియారం ఒంటిగంటా యాభైతొమ్మిది నుంచి నేరుగా మూడు గంటలకు దూకుతుంది. 2:30 అన్న సమయమే ఆ రోజు ఉండదు. నీ ప్రోగ్రాంను ఏడాది పొడుగునా మారని ప్రపంచ ప్రామాణిక కాలమానం యూటీసీకి మార్చావు కనుక దానికి భయం లేదు. మీ బృందంలో రెండింటికీ మూడింటికీ మధ్య నడిచేవి ఇంకేమైనా ఉన్నాయేమో ఇప్పుడే జాబితా తీసి మీ మేనేజరుకు పంపు. షెడ్యూలరు సెట్టింగులలో ఏదైనా అర్థం కాకపోతే శనివారం ఫోను చెయ్యి, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
నాన్న