నారాకు రెండు గంటలు చాలవు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలోని జపాన్ యాత్రా వ్యాసం నారాను (ఇంటిపేరు కాదు, ఊరే) జింకల పార్కుగా నాలుగు ముక్కల్లో తేల్చేసింది. 710లో జపాన్‌కు రాజధాని అయిన ఊరది. క్యోటో నుంచి వెళ్లి రెండు గంటల్లో తిరిగొస్తే చూసింది జింకల్నే అవుతుంది. కనీసం ఒక పూర్తి రోజు పెట్టుకోవాలి.

మొదటి పొరపాటు రైలు దగ్గరే. జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ ఉంది కదాని చాలామంది జేఆర్ రైలెక్కుతారు. ఆ స్టేషన్ నుంచి పార్కుకు పావుగంటకు పైనే నడవాలి. కింతెత్సు అనే ప్రైవేటు రైల్వే వాళ్ల నారా స్టేషన్ పార్కు పక్కనే ఉంటుంది. అయితే ఆ రైల్లో జేఆర్ పాస్ చెల్లదు, టికెట్ విడిగా కొనాలి.

పొద్దున్నే నేరుగా తోదైజీ బౌద్ధాలయానికి వెళ్లడం మేలు. అక్కడి మహాబుద్ధుడి మందిరం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 7:30కి, మిగతా నెలల్లో 8 గంటలకు తెరుస్తారు. టూరు బస్సులు వచ్చాక లోపల నిలబడే చోటుండదు. దారిలో దక్షిణ మహాద్వారం దాటేటప్పుడు అటూ ఇటూ తలెత్తి చూడాలి. 1203లో ఉంకేయ్, కైకేయ్ అనే శిల్పుల బృందం చెక్కిన ద్వారపాలకులు, ఒక్కొక్కరు ఎనిమిది మీటర్లకు పైనే. మామూలుగా బయటికి చూస్తూ నిలబడాల్సిన ఈ ఇద్దరూ ఇక్కడ ఎదురెదురుగా ఉంటారు, పైగా వల వెనక. అందుకే జనం జింకల్ని చూసుకుంటూ వీళ్ల మధ్య నుంచే గమనించకుండా వెళ్లిపోతారు.

మందిరం రెండుసార్లు కాలింది. ఇప్పటిది 1709 నాటిది, మొదటిదానికంటే వెడల్పు తక్కువ. విగ్రహం తల కూడా తర్వాత పోసిందే. ఎనిమిదో శతాబ్దపు పనితనం చూడాలంటే పీఠం మీది తామర రేకుల చెక్కడాలు, మందిరం ముందున్న ఎనిమిది పలకల కంచు దీపస్తంభం చూడాలి. దాని మీద వాద్యాలు వాయిస్తున్న బోధిసత్త్వులున్నారు.

752లో ఈ బుద్ధుడికి నేత్రోన్మీలనం (కళ్లు తెరిపించే క్రతువు) చేసింది భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. ఆయన పట్టిన కుంచెకు కట్టిన తాళ్లను వచ్చినవారంతా పట్టుకున్నారు. ఆ కుంచె షోసోయిన్ భాండాగారంలో నేటికీ భద్రంగా ఉంది. అక్కడి వస్తువుల్లో కొన్నిటిని ఏటా అక్టోబరు చివర, నవంబరు మొదట్లో నారా నేషనల్ మ్యూజియంలో ప్రదర్శిస్తారు. ఏ వస్తువు ఏ ఏడు వస్తుందో చెప్పలేం. తేదీ, సమయం ముందే బుక్ చేసుకుని వెళ్లాలి.

జింకల బిస్కెట్ల కట్ట చేతిలో దాచుకుని ఆటపట్టిస్తే అవి కరుస్తాయి, చొక్కా పట్టి లాగుతాయి. వెంటవెంటనే పెట్టేసి, అయిపోగానే రెండు ఖాళీ అరచేతులూ చూపిస్తే వెళ్లిపోతాయి. చేతిలోని కాగితం మ్యాపును కూడా వదలవు.

వ్యాసంతో వేసిన కోఫుకుజీ ఆలయపు ఐదంతస్తుల గోపురం ఫొటో పాతది. మరమ్మతుల కోసం దాన్ని పూర్తిగా కప్పేశారు, ఇంకా కొన్నేళ్లు అంతే. అదే ఆలయం మ్యూజియంలో మూడు ముఖాలు, ఆరు చేతుల అసుర విగ్రహం ఉంది, అది చాలు.

నాగార్జునకొండ ఎరిగిన మనవాళ్లు గంగోజీ ఆలయాన్ని అసలు వదలకూడదు. నాగార్జునుడి మాధ్యమిక గ్రంథాల మీద నిలిచిన సన్‌రోన్ అనే బౌద్ధ శాఖకు ఒకప్పుడు కేంద్రం అది. పైకప్పుకు ఒక పక్క గోధుమ, బూడిద రంగులు కలగలిసిన పెంకులు కనిపిస్తాయి. ఆలయాన్ని పాత రాజధాని ప్రాంతమైన అసుకా నుంచి తరలించినప్పుడు వాటినీ వెంట తెచ్చుకున్నారు. కింతెత్సు స్టేషన్ నుంచి దక్షిణంగా పావుగంట నడక.

— ఒక పాఠకుడు, విజయవాడ